గని ఊళ్ళ దారిలో సువార్త



ఫిలిప్పీ అనే పేరు మన సింగరేణి ప్రాంతంలో చాలామంది విన్నదే. పౌలు ఆ ఊరి సంఘానికి రాసిన పత్రిక కొత్త నిబంధనలో ఉంది. చర్చికి వెళ్ళేవాళ్ళు దాని మీద ప్రసంగాలు ఎన్నో విని ఉంటారు. ఆ ఊరికి ఆ పేరు తెచ్చిపెట్టింది మాత్రం గనులు. క్రీస్తుపూర్వం 356లో మాసిదోనియ రాజు రెండవ ఫిలిప్ క్రెనిడెస్ అనే ఊరిని చేజిక్కించుకుని దానికి తన పేరు పెట్టాడు. చుట్టుపక్కల కొండల్లో బంగారం ఉంది. ఆ గనుల మీద ఏటా వెయ్యి టాలెంట్ల రాబడి వచ్చేదని డయోడొరస్ అనే ప్రాచీన చరిత్రకారుడు రాశాడు. ఆ బంగారంతో పోసిన నాణేలకూ రాజు పేరే. అలెగ్జాండర్ తండ్రి అయిన ఈ రాజు కట్టిన సైన్యానికి జీతాలిచ్చింది ఆ గనులే. యూరప్ గడ్డ మీద పౌలు నిలబెట్టిన మొదటి సంఘం ఇలాంటి గని ఊళ్ళో పుట్టిందన్నమాట. మా నాన్న బొగ్గు బాయిలో పనిచేశాడు. నేను గోదావరిఖని క్వార్టర్లలో పెరిగాను. ఈ సంగతి చదివినప్పటి నుంచి ఆ ఊరిని కళ్ళారా చూడాలనిపించింది.

చూశాను. ఇప్పుడక్కడ కాపురాలు లేవు. ఉత్తర గ్రీసులో కవాలా అనే రేవు పట్టణం ఉంది. బైబిల్లో నెయపొలి అన్నది దాన్నే. అక్కడి నుంచి 15 కిలోమీటర్లు లోపలికి వెళితే ఫిలిప్పీ శిథిలాలు. 1914లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాలు మొదలుపెట్టారు. 2016లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. కొండవాలున రాతి మెట్ల నాటకశాల, దిగువన సభా మైదానం, ఆ తర్వాతి శతాబ్దాల్లో కట్టి కూలిపోయిన పెద్ద పెద్ద చర్చిల స్తంభాలు కనిపిస్తాయి. యాత్రికులు ఎక్కువసేపు నిలబడేది ఒక ఇరుకు గది ముందు. పౌలునూ అతని తోటి బోధకుడు సీలనూ కొట్టి పడేసిన చెరసాల అదేనని చూపిస్తారు. నిజానికి అది రోమన్ల కాలంలో నీళ్ళు నిల్వ చేసుకున్న తొట్టి అని పరిశోధకులు చెబుతున్నారు. తర్వాతి తరాల భక్తులు దాన్ని పవిత్ర స్థలంగా చేసుకుని గోడల మీద బొమ్మలు గీయించారు. ఆ భక్తిని నేను తక్కువ చేయను. వందల ఏళ్ళుగా మనుషులు వచ్చి మోకరిల్లిన చోటు దానికదే చరిత్ర.

కాని నన్ను ఆపేసింది దారి. శిథిలాల నడుమ నుంచి ఒక రాతి బాట పోతుంది. దాని పేరు ఎగ్నేషియా మార్గం. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో రోమన్లు తమ సైన్యం నడవడానికి వేసిన దారి అది. ఇప్పటి అల్బేనియా సముద్ర తీరం నుంచి ఇప్పటి ఇస్తాంబుల్ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగేది. బండ్ల చక్రాలు ఒరుసుకుని ఆ పలకల మీద పడిన గాడులు నేటికీ ఉన్నాయి. చెప్పులు విప్పి వాటి మీద నడిచాను. క్రీస్తుశకం 50కి కాస్త అటూ ఇటూగా త్రోయ రేవులో ఓడ ఎక్కి, నెయపొలిలో దిగి, ఈ బాట పట్టి పౌలు వచ్చాడు. అతని కోసం ఎవరూ దారి వేయలేదు. సైన్యం కోసం వేశారు, బంగారం కోసం, వ్యాపారం కోసం వాడారు. అదే దారిన ఒక కాలినడక బోధకుడు వచ్చాడు.

అతని మాట మొదట విన్న లూదియ కూడా దారి తెచ్చిన మనిషే. ఆమెది తుయతైర, అంటే ఇప్పటి టర్కీలోని అఖిసార్. ఖరీదైన ఊదారంగు సరుకు అమ్ముకుంటూ ఆ ఊరు చేరింది. ఊరి బయట ఏటి ఒడ్డున ఆడవాళ్ళు ప్రార్థనకు కూడేచోట ఆమె పౌలు మాట విని బాప్తిస్మం పొందిందని అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయం చెబుతుంది. తర్వాత చేరినవాడు చెరసాల కాపలాదారు. ఒక వ్యాపారి, ఒక జైలు ఉద్యోగి. వీళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో తవ్వకాల్లో దొరకలేదు. రాజుల పేర్లు, సైన్యాధికారుల పేర్లు, బిషప్పుల పేర్లు మాత్రం దొరికాయి.

ఆ బాట మీద నడుస్తున్నప్పుడే మన గోదావరి గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడానికి కారణం ఉంది: అక్కడా వ్యాపారం కోసం తలపెట్టిన దారిలోనే సువార్త వచ్చింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ పేరు అందరికీ తెలుసు. ఆయన మనసులో అంతకన్నా పెద్ద ఆలోచన ఒకటి ఉండేది. సముద్రం నుంచి గోదావరి మీదుగా, అక్కడి నుంచి ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా బీరార్ పత్తి పొలాల దాకా పడవలు నడవాలని. ఆ పైదారిని కొలిచే పని ఫెలిక్స్ హైగ్ అనే ఇంజనీరు చేతికొచ్చింది. నదిలో మూడు చోట్ల బండరాళ్ళు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. మన రామగుండం దగ్గరి గోదావరి ఈ పథకంలో లేదు. కాళేశ్వరం దగ్గరే పడవ దారి ప్రాణహిత వైపు తిరుగుతుంది. ఇచ్చంపల్లి మాత్రం మనకు దగ్గరే. మంథని మీదుగా కాళేశ్వరం వెళ్ళి, అక్కడి నుంచి నది వెంట దిగువకు పోతే ఆ ప్రాంతం వస్తుంది.

రాళ్ళకు పైన ఆనకట్ట, పక్కన కాలువ, కాలువకు లాకులు. పడవ రాళ్ళను తప్పించుకుని కాలువలోంచి ఎక్కి దిగాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి, ఇంగ్లండు మిల్లు యజమానులు ఈ పని త్వరగా కానివ్వమని ఒత్తిడి పెట్టారు. ఆ యుద్ధం 1865లో ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తికి ఇక నదితో పనిలేదు. 1871లో ప్రభుత్వం పనులు ఆపేసింది. దుమ్ముగూడెంలో ఆనకట్ట మిగిలింది. ఇచ్చంపల్లిలో పని సగంలోనే నిలిచిపోయింది.

భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్ళే భక్తులు దుమ్ముగూడెం పక్క నుంచే వెళతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక గంట అక్కడ ఆగండి. నది కొంచెం తగ్గిన రోజుల్లో ఆ పాత ఆనకట్ట రాతిపని కంటికి ఆనుతుంది. ఆ రాళ్ళు మోసిన కూలీలు వేలల్లో ఉండి ఉంటారు. ఆ అడవిలో చలిజ్వరాలు ఎంతమందిని తీసుకుపోయాయో ఏ ఫలకమూ చెప్పదు.

అక్కడ ఉన్న రోజుల్లో హైగ్ చుట్టూ ఉన్న కోయ గూడేలను చూశాడు. ఆయన పరమ భక్తుడు. వాళ్ళకు సువార్త చెప్పేవాళ్ళు కావాలని చర్చి మిషన్ సంఘానికి ఉత్తరాలు రాశాడు, మిత్రులతో కలిసి ప్రార్థనలు పెట్టాడు. 1860ల్లో ఆ పని మొదలైంది. మొదలుపెట్టినవాడు తెల్లదొర కాడు. హైగ్ దగ్గర ప్రభుత్వోద్యోగం చేస్తున్న వెంకటరామరాజు అనే తెలుగువాడు. ఆయన బాప్తిస్మం పొంది, జీతం బాగా వచ్చే ఉద్యోగం వదిలి, దుమ్ముగూడెంలో బోధకుడయ్యాడు. తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. అగ్రకులంలో పుట్టి, సర్కారు కొలువు విడిచి, కోయ గూడేల్లో తిరగడమంటే ఆ రోజుల్లో బంధువులు ఎన్ని మాటలని ఉంటారో ఊహించుకోవచ్చు. ఫిలిప్పీలో రాతి మీద పేరు దక్కని చెరసాల కాపలాదారు గురించి ఇందాక చెప్పాను. మన కాపలాదారు వెంకటరామరాజు. మిషన్ చరిత్రల్లో నాలుగు వాక్యాలు తప్ప ఆయన గురించి మనకు మిగిలింది చాలా తక్కువ.

1870ల్లో జాన్ కెయిన్ అనే ఇంగ్లిష్ మిషనరీ దుమ్ముగూడెం వచ్చి దశాబ్దాల పాటు పనిచేశాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనజీవితం మీద ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో 1876 నుంచి వ్యాసాలు రాశాడు. కోయల గోత్రాలు, పెళ్ళి తంతులు, పండుగలు, చావు ఆచారాలు వాటిలో నమోదయ్యాయి. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో కోయల గురించిన భాగానికి కెయిన్ రాతలే పెద్ద ఆధారం. కెయిన్ దృష్టిలో లోపాలు ఉన్నాయి. వాళ్ళ దేవతల్ని ఆయన తన మతం కళ్ళద్దాల్లోంచే చూశాడు. ఈ మాట దాచకుండా చెప్పాలి. అయినా ఆ గూడేల్లో ఇన్నేళ్ళు ఉండి, వాళ్ళ మాట నేర్చుకుని, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టినవాళ్ళు ఆ కాలంలో చాలా అరుదు. నాకు ఆయన మీద గౌరవం ఉంది.

హైగ్ కథ దుమ్ముగూడెంతో ఆగలేదు. జనరల్‌గా పదవీ విరమణ చేశాక, 1886లో చర్చి మిషన్ సంఘం తరఫున యెమెన్ వైపు అరేబియా తీరం తిరిగి, అక్కడ మిషన్ పనికి ఎలాంటి అవకాశం ఉందో చూసి నివేదిక రాశాడు. గోదావరి బండరాళ్ళు కొలిచిన మనిషి ఎడారి దారులు కొలవడానికి వెళ్ళాడు.

ఇక బొగ్గు సంగతికి వద్దాం. 1871లో నది పనులు ఆగాయి. అదే 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. ఈ రెండు సంఘటనలు ఒకే ఏట పడడం యాదృచ్ఛికమే. కాని మన ప్రాంతపు దారుల చరిత్ర ఆ ఏడాదితోనే మలుపు తిరిగింది. నది దారి మూసుకుపోయింది, రైలు దారి తెరుచుకుంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు తీసుకుంది. నిజాం రైలు డోర్నకల్ చేరింది. అక్కడి నుంచి బొగ్గు కోసం ఇల్లందుకు ఒక కొమ్మ లైను వేశారు. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. అడవి అంచున ఉన్న డోర్నకల్ జంక్షన్ అయింది బొగ్గు పుణ్యానే.

ఇల్లందు నుంచి బయలుదేరిన బోధకులున్నారు. మెథడిస్టు మిషనరీ సి. బి. వార్డ్ ఇల్లందు ప్రాంతంలో మిషన్ నడిపి, 1890ల మొదట్లో అక్కడి నుంచి గోదావరి ఆవలి సిరోంచకూ, బస్తర్‌లో జగదల్‌పూర్‌కూ పని విస్తరింపజేశాడు. సిరోంచ ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నా బజార్లో తెలుగే వినిపిస్తుంది. కాళేశ్వరంలో స్నానానికి వెళ్ళిన మనవాళ్ళకు ఆవలి ఒడ్డున కనిపించేది అదే.

డోర్నకల్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. 1903లో తిరునెల్వేలి జిల్లా తమిళ క్రైస్తవులు పాళయంకోట్టలో కూడి, మన డబ్బుతో మన మనుషుల్నే బోధకులుగా పంపాలని ఒక మిషన్ సంఘం పెట్టుకున్నారు. ముందుండి నడిపించినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆ సంఘం పని కోసం ఎంచుకున్న ప్రాంతం డోర్నకల్. మరుసటి ఏడాది వాళ్ళ మొదటి బోధకుడు వచ్చాడు. 1909లో గురువుగా అభిషేకం పొంది అజరయ్యే స్వయంగా వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మీరు మాకు చాలా ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదన్న అర్థం వచ్చేలా తెల్ల మిషనరీల ఎదుటే నిలబడి మాట్లాడినవాడూ ఆయనే. ఆ ధైర్యాన్ని నేను చాలా గొప్పదిగా భావిస్తాను.

అజరయ్య ఎడ్లబండి మీదా సైకిల్ మీదా పల్లెలు తిరిగాడు. ఆయన భార్య అన్బు ఆడవాళ్ళ మధ్య పనిచేసింది. విన్నవాళ్ళు ఎక్కువగా మాల, మాదిగ వాడల వాళ్ళు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిన కాలంలో, తన వాడలో కూర్చుని తనతో అన్నం తినే బిషప్‌ను చూసి వాళ్ళకు కలిగిన భావం ఏమిటో ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. అక్షరం, బడి, పేరుతో పిలిపించుకునే గౌరవం: వాళ్ళు ముందుగా అడిగినవి ఇవే. మతం మారడాన్ని ఎవరు ఎలా చూసినా, ఈ మూడూ అడగడం న్యాయమే కదా.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు మన గుళ్ళ మండపాలవి. ఈ నేల మీది ప్రార్థన ఈ నేల రూపంలోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశాడు. రామగుండంలో కాజీపేట వైపు రైలెక్కి, అక్కడ మారి డోర్నకల్‌లో దిగవచ్చు. ఉదయం బయలుదేరితే చూడడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

మంచిర్యాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. గోదావరి దాటగానే వచ్చే మంచిర్యాలలో సిరో మలబార్ కాథలిక్కుల కెథడ్రల్ ఉంది. 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనానికి అది కేంద్రం. ఆ సంఘంవారి మూలం కేరళ. క్రీస్తుశకం 52లో అపొస్తలుడైన తోమా ఓడలో వచ్చి తమ పూర్వీకులకు బోధించాడని వాళ్ళ సంప్రదాయం. అంటే పౌలు ఫిలిప్పీ చేరిన కాలానికి దగ్గర్లోనే. మిరియాల కోసం రోమన్ ఓడలు కేరళ తీరానికి వచ్చేవనడానికి తవ్వకాల్లో దొరికిన పెంకులు సాక్ష్యం. ఆ దారిలో ఒక బోధకుడు రావడం అసాధ్యమేమీ కాదు.

ఈ నేల మీద నడిచిన బోధకుల్లో క్రైస్తవులే మొదటివాళ్ళని అనుకోకండి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల నాటి మట్టికోట ఉంది. బౌద్ధ స్తూపం ఉంది. పలు పడగల నాగుపాము చెక్కిన రాతి పలకలు 1970ల తవ్వకాల్లో బయటపడ్డాయి. అక్కడ బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపలేదు, గుర్తులతోనే చెప్పారు. అంత పాతది ఆ కళ. సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథంలో బావరి అనే గురువు కథ వస్తుంది. గోదావరి ఒడ్డున ఉండే ఆయన తన 16 మంది శిష్యుల్ని బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్ళు పైఠాన్, ఉజ్జయిని, విదిశ మీదుగా నడిచి వెళ్ళారు. బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదన్‌కుర్తి దగ్గర ఉండేదని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఈ కథలో నాకు నచ్చేది ఒకటే. బోధకుడు రాకముందే మనవాళ్ళు అడగడానికి బయలుదేరారు. వాళ్ళు పట్టింది కూడా బేహారుల బాటే.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఫిలిప్పీలో ఊరు పోయినా నేల మిగిలింది. నేల ఉంది కాబట్టి తవ్వి చూడగలిగారు. మన దగ్గర ఓపెన్ కాస్ట్ గనులు వచ్చాక నేలే లేచిపోతోంది. ఊరు ఖాళీ అవుతుంది, గుడి, మసీదు, చర్చి, సమాధుల దొడ్డి అన్నీ పోతాయి, ఆ చోట వందల అడుగుల గొయ్యి, పక్కన తవ్విపోసిన మట్టి గుట్ట. రేపు ఎవరైనా పరిశోధకుడు వచ్చి తవ్వుదామన్నా తవ్వడానికి పొరలుండవు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికిన నేలకు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు చేరువయ్యాయి. బొగ్గు వద్దని, నీళ్ళు వద్దని నేననలేను. నా చదువు బొగ్గు జీతం మీదే సాగింది. కాని నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు ఇంటికి, బావికి, చెట్టుకు విలువ కడతారు. సమాధి మీద చెక్కిన పేరుకూ, చర్చి గోడలోని పునాది రాయికీ ఒక పేజీ కేటాయించమని అడగడం పెద్ద కోరిక కాదు.

అందుకే ఊరు కదలబోతోందని తెలిసినవాళ్ళు కొన్ని పనులు చేయొచ్చు. చర్చిలో బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు ఉంటాయి. పాతవి మసిబారి, చెదపట్టి ఉంటాయి. వాటిలో ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీయండి. ఎవరు ఏ ఊరి నుంచి ఏ బాయిలో పనికి వచ్చారో, తండ్రి పేరేమిటో వాటిలో ఉంటుంది. పునాది రాయి మీది తేదీని, సమాధుల మీది పేర్లను రాసిపెట్టుకోండి. గుళ్ళకూ దర్గాలకూ ఇదే చేయండి. ఒక ప్రతి పాస్టరుగారి దగ్గర, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో పెట్టండి. ముసలివాళ్ళుంటే, ఊళ్ళోకి మొదటి బోధకుడు ఏ దారిన వచ్చాడో అడిగి రికార్డు చేయండి. బండి మీద వచ్చాడా, బొగ్గు రైల్లో దిగి నడిచాడా, ఎవరింట్లో అన్నం తిన్నాడు, ఆయనకు అన్నం పెట్టిన ఆడమనిషి పేరేమిటి. ఈ చివరి ప్రశ్న మరిచిపోకుండా అడగండి. ఫిలిప్పీ కథలో ఆ పేరు ఎవరో రాసిపెట్టారు కనుకే లూదియ మనకు తెలిసింది.